లూబెక్ సంతలో జీడిపప్పు

జర్మనీలోని లూబెక్ రేవులో మా ఓడ రెండు రోజులు ఆగింది. నాది పూండి, నాతో పనిచేసే అప్పన్నది పలాస దగ్గర పల్లె; రెండూ జీడితోటల ఊళ్లే. చుట్టరికం లేకపోయినా ఓడలో అతను నాకు బావ. ఇద్దరం ఆ పాత పట్టణంలో క్రిస్మస్ సంతకు వెళ్లాం. చర్చి ముందు వరసగా చెక్క కొట్లు, దీపాలు. బావ అవేవీ చూడలేదు. ఒక ముసలావిడ పంచదార పాకంలో జీడిపప్పు వేయిస్తున్న చోట ఆగిపోయాడు.

"ఇది మన పప్పేనేటి? అడుగు."

ఆవిడకి తెలియదట. జీడికాయ ఎలా ఉంటుందో కూడా చూడలేదట. బావ పొట్లం కాగితం మీద పండు గీసి, దాని కింద పిక్కను వేలాడదీశాడు. పిక్కను తొడిమ అనుకుందేమో, ఆవిడ నవ్వుతూ కాగితాన్ని తలకిందులుగా తిప్పింది.

"తిప్పకు మామ్మా! పిక్క బయటే, కిందే ఉంటాది. అది కొడితే జీడి కారి సేతులు కాలిపోతాయి. పిక్కలు కొట్టి కొట్టి మా యమ్మకి ఏలిముద్రలు అరిగిపోనాయి. రేషన్ మిషను ఆవిణ్ణి గుర్తుపట్టదు. సెప్పు ఈవిడికి."

పండగ పూట ఎందుకనిపించినా, నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ నవ్వు ఆగిపోయింది. చేతి తొడుగు తీసి, తన ఫోను మీద బొటనవేలు ఆనించింది. తెరుచుకోలేదు. మళ్లీ ఆనించింది. తెరుచుకోలేదు. పాకం చింది ఏళ్ల తరబడి కాలి నున్నబడిన ఆ వేలిని బావ ముందుకు చాపింది.

బావ ముట్టుకుని చూశాడు.

"అచ్చం మా యమ్మదే."

ఈ మాటొక్కటీ నేను ఆవిడకి ఇంగ్లీషులో చెప్పక్కర్లేకపోయింది.