కుందేళ్ళ డాక్టర్ నేను కాదు, దానియేలు గారు

నిన్న పొద్దున దానియేలు గారమ్మాయి రూతు ఫోన్ చేసింది. "నాన్న వెళ్ళిపోయారు సార్" అంది.

నమ్మలేకపోయా. మొన్న ఆదివారమేగా అరగంట మాట్లాడి, నా షుగర్ గురించి నాకు క్లాసు పీకారు!

ఎనభై నాలుగేళ్ళు. టిఫిన్ చేసి, కుర్చీలో పేపర్ చదువుతూ అలాగే వెళ్ళిపోయారట.
నిండుగా బతికిన మనిషి.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. దానియేలు గారు నందిగామ పశువుల ఆసుపత్రిలో కాంపౌండర్. ఎనభైల్లో నేను అక్కడ కొత్త డాక్టర్ని. కొత్త డిగ్రీ, కొత్త స్కూటర్, బోలెడు పొగరు.

ఒకరోజు చందర్లపాడు నుంచి సరోజినీ టీచర్ వైరు బుట్ట పట్టుకుని బస్సు దిగారు. బుట్టలో తెల్ల కుందేలు, దాని తొడ మీద నిమ్మకాయంత గడ్డ.

గేదెల్ని తోలుకొచ్చిన రైతులు ఒకటే నవ్వు. టీచర్ పట్టించుకోలేదు. భర్త పోయాక ఇంట్లో ఆవిడకి తోడు ఆ కుందేలొక్కటే.

మత్తిచ్చి గడ్డ తీసేశా. మెలకువ వచ్చాక అది కిక్కురుమనకుండా ఓ మూల కూర్చుంది.

"చూశారా, ఎంత హాయిగా ఉందో! నొప్పే లేదు, తీసుకెళ్ళండి" అన్నా.

గేదెకి నొప్పొస్తే మూలుగుతుంది, తంతుంది. నాకు తెలిసిన నొప్పి అదే మరి.

దానియేలు గారు నా పక్కకొచ్చి మెల్లిగా అన్నారు. "సార్, మనం ఎదురుగా ఉంటే అది నొప్పి బయటపెట్టదండి. నొప్పుందని తెలిస్తే మనమూ కుక్కల్లా పట్టేస్తామని దానికి భయం. ఒక్కసారి బయటికి రండి."

ఇద్దరం కిటికీ సందులోంచి చూశాం.

మనుషులు లేరని దానికి నమ్మకం కుదిరాక అసలు సంగతి తెలిసింది. నడుం గూనిలా ఎత్తింది, మళ్ళీ పొట్ట నేలకి అదుముకుంది. కళ్ళు సగం మూత, చెవులు వెనక్కి. పళ్ళు నూరుతున్న చప్పుడు. గరిక ముట్టలేదు, ఒక్క పెంటిక కూడా వేయలేదు.

"నొప్పికి తిండి మానేస్తే పేగులు ఆగిపోతాయండి. మా ఇంట్లో పెంచిన కుందేళ్ళు రెండు అట్లాగే పోయినయ్."

ఆయన ఆపకపోయుంటే, దాన్ని చావడానికి ఇంటికి పంపేసేవాణ్ణే.

దాని బరువుకి తగ్గట్టు కొంచెం నొప్పి ఇంజెక్షన్ ఇచ్చా. మళ్ళీ కిటికీ దగ్గర కాపలా. చాలాసేపటికి కాళ్ళు చాపింది. మూతి తుడుచుకుంది. గరిక కొరికింది.

ఇంకాసేపటికి దానియేలు గారి కేకకి వరండా దద్దరిల్లింది. "టీచర్ గారూ, పెంటికలేసిందండీ!"

ఇందాక నవ్విన రైతులే చప్పట్లు కొట్టారు.

టీచర్ కళ్ళొత్తుకుంటూ "నొప్పని ఎట్లా కనిపెట్టారండీ?" అని అడిగారు.

ఆయన నన్ను చూపించి, "మా సారేనమ్మా" అన్నారు.

నేను నోరు మెదపలేదు.

ఆ కబురు జగ్గయ్యపేట దాకా పాకింది. బుట్టల్లో కుందేళ్ళు రావడం మొదలైంది. నాకు "కుందేళ్ళ డాక్టర్" అని పేరొచ్చింది. రిటైరయ్యేదాకా ఆ పేరుతో దర్జాగా తిరిగా.

ఒకసారి ఉండబట్టలేక, అందరికీ నిజం చెప్పేస్తానని ఆయనతో అన్నా. ఆయన నవ్వేశారు. "కుందేలు బతికింది కదండీ, ఇంకేం కావాలి?"

ఆయనకేమీ అక్కర్లేదు. నాకే ఇన్నాళ్ళూ సిగ్గు.

అందుకే అందరి ముందూ రాస్తున్నా. ఆ రోజు కనిపెట్టింది నేను కాదు. నా చదువుకి తెలియని నొప్పిని ఓపిగ్గా నిలబడి చూసింది దానియేలు గారు.

వెళ్ళి రండి గురువుగారూ. ప్రభువు మీకు చల్లని విశ్రాంతినివ్వాలి.