కుడి దీపం

ఢిల్లీ కంటోన్మెంట్‌లోని బండ్ల వర్క్‌షాపులో నేను రిపోర్ట్ చేసింది జనవరిలో. ఉదయం ఎనిమిదైనా ఎదురుగా ఉన్న గేటు కనిపించనంత పొగమంచు. రెండు కంబళ్లు, వెలుగు కొలిచే మీటరు చేతికిచ్చారు. యుద్ధం కథ వినాలని కూర్చున్నవాళ్లకు నాది చప్పగా ఉంటుంది. ఏం చేయను, నేను కాపలా కాసింది హెడ్‌లైట్లకు.

బల్బు పరీక్షను ఊరికే నమ్మకూడదు. బల్ల మీద పూర్తి కరెంటిస్తే ఏ బల్బయినా ధగధగలాడుతుంది. బండికి బిగిస్తే పాత వైర్లే కొంత వెలుగు మింగేస్తాయి. మీటరు ఒక్క అడుగు జరిగినా అంకె మారిపోతుంది. అందుకే చీకటి షెడ్డులో, ఇంజను నడుస్తుండగా, గోడకు ఒకే దూరంలో బండి నిలిపి కొలిచేవాణ్ణి.

మా హవల్దార్ డ్రైవర్‌ది కరీంనగర్. నాకంటే పదేళ్లు పెద్ద. నేను అన్నా అంటే, ఆయన తమ్మీ అనేవాడు. ఒక ఉదయం ఆయన నడుపుతున్న జీపు కుడి పక్క గేటు స్తంభానికి గీసుకుంది. కుడి దీపం మసకగా ఉందని చెప్పాడు. ఫోన్‌లో మేజర్ ఆర్డరు: “సాయంత్రంలోగా రిపోర్ట్ కావాలి. ఖరాబీ బల్బ్‌లో ఉందా, డ్రైవర్‌లో ఉందా?”

బల్బు మంచిదైతే అన్నను కళ్ల పరీక్షకు మెడికల్‌కు పంపుతారు. స్టీరింగ్ పోతుంది. ఆయనకు వేరే పని రాదు, వేరే పని మీద మనసూ లేదు. ఆ బల్బు చెడిపోయి ఉండాలని మనస్ఫూర్తిగా కోరుకున్నాను.

రెండు దీపాలూ సమానమని మీటరు చూపింది.

“నీ మీటరే ఖరాబైంది తమ్మీ. కుడి దిక్కుది మసకనే ఉన్నది.”

అదే నిజమవ్వాలని ఇంకో మీటరు తెచ్చాను. అదే అంకె. బల్బులు అటుదిటు, ఇటుదటు మార్చాను. అప్పుడూ కుడిదే మసక అన్నాడు. అయితే వైరింగే అనుకుని ప్రాణం లేచొచ్చింది. కొలిస్తే రెండు వైపులా కరెంటు సమానంగానే వస్తోంది.

ఇక ఒక్కటే మిగిలింది. ఇష్టం లేకపోయినా అడిగాను.

“అన్నా, బండి ముందరికొచ్చి దీపాలకెదురుగా నిలబడు. ఏది మసకో చూపీ.”

వచ్చి నిలబడ్డాడు. ఇప్పుడు బండి కుడి దీపం ఆయన ఎడమ చేతి వైపుంది. ఆయన మాత్రం తన కుడి వైపే వేలు చూపించాడు. అంటే బండి ఎడమ దీపం. పొద్దుటినుంచీ మంచిదన్న దీపం.

ఏది కుడో ఏది ఎడమో బండి నడిపినవాడికి నేను చెప్పాలా.

“గది బండికి ఎడమది గదా,” అన్నాడు మెల్లగా. వెళ్లి ఇంజను ఆపాడు. “బల్బులు మంచిగనే ఉన్నయి తమ్మీ. గట్లనే రాయి.”

రాశాను. ఆ మీటరును నేలకేసి కొట్టాలనిపించింది. కుడి కంటి నరం ఎండిపోతోందని డాక్టర్లు తేల్చారు. అన్నను స్టోర్స్‌లో కూర్చోబెట్టారు.

నా డ్యూటీ అయిపోయి కడపకు బయలుదేరిన రోజు, స్టేషన్ దాకా వస్తానని ఆయనే జీపెక్కాడు. నడిపింది కొత్త డ్రైవర్. అన్న అతని పక్కన ఎడమ సీట్లో కూర్చుని ఏవేవో కబుర్లు చెబుతూ నన్ను నవ్వించాలని చూశాడు. వెనక సీట్లోంచి నాకు ఆయన కాళ్లు కనిపిస్తున్నాయి. ప్రతి మలుపులోనూ ఆయన కుడి కాలు అక్కడ లేని బ్రేకును తొక్కుతూనే ఉంది.