విమానం లేని ట్యాంకర్

మా ఇంట్లో యుద్ధ విమానం ఒక్కటీ లేదు. దాని చుట్టూ ఉండాల్సిన సరంజామా మాత్రం అంతా ఉంది. ఇంధనం నింపే ట్యాంకర్, బాంబులు మోసే ట్రాలీ, పైలట్ ఎక్కే నిచ్చెన, చక్రాలకు అడ్డుపెట్టే చెక్కదిమ్మలు. అన్నీ రెండో ప్రపంచయుద్ధం నాటి వాటికి నమూనాలు, అసలు సైజులో నలభై ఎనిమిదో వంతు. నా చేత్తో అతికించి రంగులేసినవి. జగ్గయ్యపేటలో మా ఇంటికొచ్చిన ప్రతివాడూ అద్దాల బీరువా ముందు నిలబడి ఒకటే అడుగుతాడు, "విమానమేదండీ?" అని.

విమానాలు చేసేవాళ్లు లోకంలో కోకొల్లలు. వాటికి పెట్రోలు పోసినవాణ్ని ఎవడు తలుచుకుంటాడు? ఈ బాధ నాకు పుస్తకాల్లోంచి రాలేదు, అత్తవారింటి నుంచి వచ్చింది. నందిగామలో వాళ్లింట ఏ శుభకార్యం జరిగినా మంచినీళ్ల క్యాన్లు, జనరేటర్‌లో డీజిలు, వీరులపాడు నుంచి చుట్టాలను తెచ్చే ఆటో, అన్నీ నా పూచీ. మంచి ఫోన్ ఉన్నది నా దగ్గరే కాబట్టి ఫోటోలు తీసేదీ నేనే. ఇన్నేళ్ల ఆల్బములు తిరగేసినా ఆ ఇంటికి అల్లుడనేవాడు ఉన్నట్టు సాక్ష్యం దొరకదు. ఒక్క ఫోటోలో వాళ్లందరి మధ్యా నిలబడాలని నా కోరిక. నోరు తెరిచి అడగడానికి సిగ్గు.

నిరుడు దసరాకి మా బావగారు, అంటే మా ఆవిడ అన్నయ్య, లారీల ఓనరు, ఫోన్ చేశాడు.

"కొత్త లారీకి పూజ పెట్టుకున్నాం బావా. నువ్వేదో ట్యాంకర్ చేశావంటగా, పట్టుకురా చూద్దాం."

నా ప్రాణం లేచొచ్చింది. ట్యాంకర్‌ని దూదిలో చుట్టి అట్టపెట్టెలో పెట్టాను.

"పెళ్లికెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు ఇదెందుకండీ?" అంది మా ఆవిడ.

ఆ ట్యాంకర్‌ని అతికించడం సులువే. యుద్ధం చేసొచ్చినట్టు కనిపించేలా చెయ్యడానికే నెలల తరబడి కూర్చున్నాను. తుప్పు మరకలు, నూనె చారలు, టైర్లకు దుమ్ము. ఆ దుమ్ము కోసం విదేశీ పొడి డబ్బా తెప్పించాను. మా ఊరి సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ములో పుట్టి పెరిగినవాణ్ని, దుమ్ము కొనుక్కున్నాను. నవ్వితే నవ్వండి.

నందిగామలో అత్తగారు పెట్టె తెరిచి చూశారు.

"అయ్యో, పండగపూట బండిని ఇంత మురికిగా ఉంచుతారా అల్లుడుగారూ?" అని నేను అడ్డుపడేలోపు తడిగుడ్డతో శుభ్రంగా తుడిచేశారు. నా తుప్పంతా ఆ గుడ్డకెక్కింది. తర్వాత పసుపు రాసి బొట్లు పెట్టారు. తొక్కించడానికి నిమ్మకాయ పెట్టబోతే అది చక్రం కంటే పెద్దదిగా ఉంది. ఆవిడ వెనక్కి తగ్గే మనిషి కాదు. వంటింట్లోంచి ఎండు బఠాణీలు తెచ్చి చక్రానికొకటి పెట్టారు.

"తొక్కించు బావా!" అన్నాడు బావగారు, కొత్త లారీ స్టీరింగ్ ముందు కూర్చుని.

వేలితో నెట్టాను. బఠాణీ నలగలేదు, ఇరుసు విరిగింది. నాకు కడుపు మండిపోయింది. అత్తగారు ఊడిన చక్రాన్ని పసుపుముద్దతో అతికించి, "ఏం కాదు బాబూ, దిష్టి పోయింది" అన్నారు.

అప్పుడు బావగారు లారీ, ట్రాక్టరు, మోటారు సైకిలు, స్కూటరు వరసగా పెట్టించాడు. నా ట్యాంకర్‌ని తనే రెండు చేతులా ఎత్తి లారీ బంపర్ మీద నిలబెట్టాడు.

"మా బావ బండి మధ్యలో ఉండాల్సిందే!"

నా కోపం చప్పున చల్లారిపోయింది. నిజం చెప్పాలంటే కళ్లు చెమర్చాయి. తల దువ్వుకుని, చొక్కా పై గుండీ పెట్టుకుని, ట్యాంకర్ పక్కన చోటు చూసుకుని నిలబడ్డాను. చుట్టాలంతా వచ్చి చేరారు. మా ఆవిడ నా జేబులోంచి ఫోన్ తీసి నా చేతిలోనే పెట్టింది.

"త్వరగా తియ్యండి, ఎండగా ఉంది."

అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అని పెద్దలు ఊరికే అనలేదు. వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

"అందరూ వచ్చినట్టేనా?" అని అరిచాడు బావగారు.

వరసంతా "ఆఁ" అంది. అందరికంటే గట్టిగా అన్నది మా ఆవిడ.