బాపు జీన్‌ను నిద్ర లేపిన నెల

తొంభైల మొదట్లో, ఎమ్మెస్సీ పూర్తి చేసి కరీంనగర్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో జువాలజీ చెబుతున్న ఆ రోజుల్లో, నాకు తెలియని సంగతంటూ లోకంలో లేదు. (ఇప్పుడు తెలియనివి రాసుకుంటూ పోతే నోటుబుక్కు చాలదు.) శనివారం సాయంత్రం బస్సెక్కి, కొండగట్టు తోవలో ఉన్న మా ఊళ్లో దిగి, కాళ్లు కడుక్కోకముందే అమ్మానాన్నల్లో ఒకరికి, అంటే మా అవ్వకో బాపుకో, ఒక పాఠం చెప్పేదాన్ని. ఇంట్లో మొదటి ఎమ్మెస్సీని కదా, పాపం వినేవాళ్లు.

ఆ ఏడే బాపుకు షుగర్ బయటపడింది. డాక్టరు గోలీలు రాసి, "నెల రోజులు చూస్తా పటేలా, తగ్గకుంటే రోజూ సూదే" అన్నాడు. మా బాపు పాము కనబడితే కట్టె పట్టుకుని ముందుకు పోయే మనిషి. సూది కనబడితే మాత్రం అవ్వ వెనక నిలబడేవాడు. ఇంటికొచ్చి ఆ పూట అన్నం ముట్టలేదు. "గా సూది నాకొద్దు బిడ్డా, ఏమన్న జెయ్యి" అన్నాడు. నేను వెనకా ముందూ చూడకుండా మాటిచ్చేశాను. "ఫికర్ చెయ్యకు బాపూ, సూది రానియ్య. పూచీ నాది."

మంచం మీద కూర్చోబెట్టి మొదలుపెట్టాను. కండలోని ప్రతి కణానికీ చక్కెర లోపలికి పోయే దర్వాజలుంటాయి. ఆ దర్వాజ ఎలా చేయాలో కణం లోపల ఒక జీన్‌లో రాసి ఉంటుంది. రాసి ఉన్నంత మాత్రాన తయారైపోదు. కొన్ని ప్రోటీన్లు వచ్చి ఆ జీన్ మొదట్లో కూర్చుంటేనే నకళ్లు ఎక్కువగా తయారై దర్వాజలు పెరుగుతాయి. కండ కష్టపడితే వాటికి పిలుపు పోతుంది, ఊరికే ఉంటే అవి లేచి వెళ్లిపోతాయి, జీన్ నిద్రపోతుంది. బాపు కళ్లు మూసుకుని విన్నాడు (జీన్‌తో పాటు ఆయనా నిద్రపోయాడనుకున్నాను).

"అంటే పటేల్ పొలం కాడికి పోతెనే జీతగాళ్లు పని జేస్తరు, పోకపోతె చెట్టు కింద పంటరు. గంతేనా?"

ఏడాదంతా నేను క్లాసులో చెప్పలేనిది ఒక్క ముక్కలో చెప్పేశాడు. "గంతే! రేపటి సంది తెల్లారంగనే నాలుగు మైళ్లు నడువు" అని హుకుం జారీ చేశాను.

కాలేజీ నుంచి ఒక గాజు గొట్టం, స్పిరిట్ దీపం, బెనెడిక్ట్ ద్రావణం తెచ్చాను (అడిగి తెచ్చాననే చెప్పుకుంటాను). మూత్రం కలిపి వేడిచేస్తే, చక్కెర లేకపోతే ద్రావణం నీలంగానే ఉంటుంది. కొంచెముంటే ఆకుపచ్చ, ఇంకాస్త ఉంటే పసుపు, బాగా ఉంటే ఇటుక రంగు. "నా వంటింట్ల గా మూత్రం మరగవెడితె నేను తల్లిగారింటికి వోత" అని అవ్వ అనడంతో ప్రయోగశాల పశువుల కొట్టానికి మారింది. మొదటి ఆదివారం ఇటుక రంగు. రెండో ఆదివారం ఇంకా మంచి ఇటుక. మూడోసారి బాపు వెంట నేనూ నడిచాను, అప్పుడు తెలిసింది అసలు సంగతి. పనిలేకుండా నడిచే మనిషి మా ఊళ్లో అప్పటికి పుట్టలేదు. మొదటి వాకిట్లోనే, "ఎటు వోతున్నవ్ పటేలా, బర్రె తప్పిపోయిందా? దా, చాయ్ తాగి పో!" రెండో వాకిట్లో, "గాళ్లింట్ల తాగి మా ఇంట్ల తాగవా?" నాలుగు మైళ్లకు ఏడు చాయ్‌లు, పటేల్ అన్న మర్యాదకు ప్రతి దాంట్లో ఇంకో చెంచా చక్కెర.

"గిదేంది బాపూ!"

"నువ్వే అంటివి గద బిడ్డా, దర్వాజలు తయారైతున్నయని. లోపటికి ఏం పంపకపోతె వాటికి పనేముంటది?"

ఇంటింటికీ తిరిగి జీన్ గురించి చెప్పాను, ఒక్కరూ వినలేదు. చివరికి "బాపు అంజన్నకు మొక్కిండు, చక్కెర ముట్టడు" అన్నాను. ఆ రోజే చాయ్‌లన్నీ బంద్! నా సైన్సుకు కొండగట్టు అంజన్న పూచీ పడ్డాడు.

కానీ మిగిలింది వారమే. ఇటుక కాస్త పసుపైంది గానీ, నీలం కాలేదు. కరీంనగర్‌లో డాక్టరు రక్తపరీక్ష చీటీ చూసి సూది తీస్తుంటే నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. "నడక ఏమైంది పటేలా?" అన్నాడాయన.

బాపు చొక్కా చెయ్యి పైకి మడిచాడు. "నడిచిన సారూ. నా బిడ్డ చెప్పినదాంట్ల తప్పు లేదు. నా లోపటి జీనే జర మొండిది, నా అసొంటిదే" అన్నాడు. సూది దిగుతున్నంతసేపూ నన్నే చూస్తున్నాడు.

నేనేం చేశాను? "ఒక్క నెలలో జీన్ ఏం నిద్ర లేస్తది సారూ, ఇంకో నెల నడిస్తే..." అని డాక్టరుకు పాఠం మొదలుపెట్టాను! ఆ ఎమ్మెస్సీ పిల్ల ఇప్పుడు నా ఎదుటికి వస్తే, పాఠం తర్వాత చెబుదువుగానీ ముందు బాపు చెయ్యి పట్టుకోవే అంటాను. వింటుందన్న నమ్మకమైతే నాకు లేదు.