చివర ముందే చెప్పే డాన్ ఒరోస్మాన్

డాన్ ఒరోస్మాన్‌కు, అంటే మా వైపు మాటలో ఒరోస్మాన్‌గారికి, ఒక్కటే జబ్బు. సినిమా చివర ఏమవుతుందో ముందే చెప్పకుండా ఉండలేడు. ఈ జబ్బు ఏ దర్జీకో, ఏ మంగలికో ఉంటే ఊరికి పెద్ద నష్టం ఉండేది కాదు. ఈయన మాత్రం మా సాల్తో ఊళ్ళో, ఆరోరా సినిమా హాల్లో, చీకట్లో టార్చి వేసి జనానికి సీట్లు చూపించేవాడు. అంటే, వద్దన్నా రోజుకు రెండాటల చెవులు ఆయనకు అందుబాటులో ఉండేవి. నేను అదే హాల్లో టికెట్లిచ్చే కిటికీ వెనక కూర్చునేదాన్ని కాబట్టి తిట్లన్నీ ముందు నాకే తగిలేవి.

ఒకసారి హత్య సినిమా వచ్చింది. పళ్ళ డాక్టరు ఇరిగోయెన్ రెండు చెవుల్లోనూ దూది కుక్కుకుని వచ్చాడు. డాన్ ఒరోస్మాన్ ఎంతో మర్యాదగా ఆయన్ని సీటు దాకా తీసుకెళ్ళాడు, కూర్చోబెట్టాడు, ఒక్క మాట మాట్లాడలేదు. కాసేపటికి తెరమీద తోటమాలి కనబడ్డాడు. అంతే, వెనకనుంచి టార్చి వెలుగు తిన్నగా వెళ్ళి తోటమాలి మొహం మీద నిలిచింది.

డాక్టరు కిటికీ దగ్గరికొచ్చి నా మీద విరుచుకుపడ్డాడు. "ఏమిటమ్మా ఈ దౌర్జన్యం?"

వెనకే డాన్ ఒరోస్మాన్ చేతులు కట్టుకుని నిలబడి, "నేను నోరు విప్పానా డాక్టరుగారూ?" అన్నాడు.

ఇంకోసారి కసాయి దుకాణం లకూయెస్తా ఆయన జేబులో మంచి చుట్ట ఒకటి పెట్టి, "ఈ ఒక్క రోజుకు నన్ను వదిలెయ్యి నాయనా" అని బతిమాలుకున్నాడు. చుట్ట వాసన చూసుకుని ఆయన కరిగిపోయాడు. "మీలాంటి మంచి మనుషులు అరుదండీ. అందుకని మీ ఒక్కరికే చెబుతున్నాను. పెళ్ళికూతురు ఓడలో వెళ్ళిపోతుంది" అన్నాడు.

హాలు బయట కూడా ఇదే తంతు. రేడియోలో బంతాట వింటుంటే ఎవరు గెలుస్తారో చెప్పి తన్నులు తినబోయాడు. ఎవరో పోతే శవం దగ్గర అందరూ ఏడుస్తుంటే, తృప్తిగా తల పంకించి, "ఇక్కడైతే నన్ను ఎవరూ తిట్టరు, చివర అందరికీ తెలిసిందే" అన్నాడట.

హాలు యజమానురాలు దోన్యా ఎర్మిందా ఆయన్ని తరచూ ఉద్యోగంలోంచి తీసేసేది. తీసేసిన వారం జనం పలచబడేవారు. హాల్లోకి వెళ్ళేముందు ఒకసారి పోట్లాడటం వాళ్ళకు అలవాటైపోయింది మరి. ఆవిడ పళ్ళు నూరుకుంటూ మళ్ళీ పిలిపించేది.

ఇలా ఉండగా, నారింజ కోతలు మొదలవబోయే రోజుల్లో 'అదే మెట్లు' అనే సినిమా వచ్చింది. ఓ పాత మేడ. అందులో ముగ్గురు. ఒకామె తనను వదిలిపోయిన మగాణ్ణి మళ్ళీ మళ్ళీ ఇంట్లోకి రానిస్తుంది. ఒకాయన జీతం రాగానే గుర్రప్పందేలకు పోతాడు, వచ్చి ఏడుస్తాడు, మళ్ళీ పోతాడు. ఒక ముసలాయన పక్క వాటాలో ఉన్న తమ్ముడితో మాట్లాడదామని రోజూ తలుపు దాకా వెళ్ళి వెనక్కి వస్తాడు. సినిమా అంతా వీళ్ళు అవే మెట్లు ఎక్కుతారు, అవే మెట్లు దిగుతారు. చివరికి కూడా ఆమె తలుపు తీస్తుంది, ఈయన పందేలకు పోతాడు, ముసలాయన తిరిగి వస్తాడు.

ఊరికి తెగ నచ్చింది. అందులో ఎవరి పక్కింటివాళ్ళు వాళ్ళకు కనిపించారు. ఎవరికీ తాము మాత్రం కనిపించలేదు.

మొదటి రోజు ఆట అయ్యాక డాన్ ఒరోస్మాన్ నా కిటికీ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. మొహంలో నెత్తురు లేదు. చివర ఏమైందో చెబుతాడని చూశాను. చెప్పలేదు.

"ఒంట్లో బాగాలేదా?" అన్నాను.

"మీ అక్క ఈ సినిమాకు వస్తుందా?" అన్నాడు.

మా అక్క జులేమా సంగతి ఊరందరికీ తెలిసిందే. ఏటా కోతల కాలంలో మిల్తన్ అనే లారీ డ్రైవరు నారింజలు లారీలో తీసుకెళ్ళడానికి వచ్చేవాడు. అక్క ఇంట్లో తినేవాడు, అక్క చేత బట్టలు ఉతికించుకునేవాడు, పెళ్ళి ఎక్కడ చేసుకోవాలో కూడా చర్చించేవాడు. ఆఖరి బుట్ట లారీ ఎక్కగానే తనూ ఎక్కేవాడు. ఉత్తరం లేదు, కబురు లేదు. మరుసటేడు కోతలకు వచ్చి తలుపు కొట్టి, "ఈసారి వేరు, నల్లపిల్లా" అనేవాడు. అక్క తలుపు తీసేది. ఆ మాటలో ఏం వేరో నాకు ఎన్నడూ బోధపడలేదు. వాడి నీలం స్వెట్టరు కూడా అదే.

అక్క సినిమాకు వచ్చింది. డాన్ ఒరోస్మాన్ టార్చితో దారి చూపిస్తూ, వంగి, "చివర్లో ఆమె తలుపు తియ్యదు తల్లీ" అన్నాడు.

"చెప్పొద్దని దణ్ణం పెట్టానా లేదా?" అని అక్క కసిరింది.

ఆట అయ్యాక ఆయన మీదికే వచ్చింది. "తియ్యదన్నారు?"

"తియ్యదు."

"తీసింది. ఈ కళ్ళతో చూశాను. వాడు నాలుగు మాటలు చెప్పగానే ఆ వెర్రిది పరిగెత్తుకెళ్ళి తీసింది."

"నువ్వు సరిగ్గా చూసి ఉండవు. రేపు మళ్ళీ రా."

అక్క మర్నాడు వచ్చింది. తెరమీద ఆమె మళ్ళీ తలుపు తీసింది. ఆ మర్నాడూ వచ్చింది. రోజురోజుకూ ఆ తెరమీది ఆడమనిషి మీద అక్క కోపం పెరిగిపోయింది. నాలుగో ఆటకు నిండు హాల్లో గట్టిగా, "తియ్యకే, నీ మొహం మండ, తియ్యకు" అన్నది. నా కిటికీ దాకా వినిపించింది.

ఈలోపు హాలు ఆవరణలో ఇంకో గొడవ లేచింది. రొట్టెల దుకాణం పెరైరా, ఎదురింటి తమ్ముడితో ఏళ్ళ తరబడి మాటల్లేనివాడు, డాన్ ఒరోస్మాన్ చొక్కా పట్టుకున్నాడు. "అన్నదమ్ములు కలిసి భోంచేస్తారన్నావు. ఎక్కడయ్యా భోజనం?"

"నాకైతే పందేలు మానేస్తాడని చెప్పాడు" అన్నాడు గడియారాలు బాగుచేసే సొర్రీయా. ఆయన ఆదివారం ఎక్కడుంటాడో చెప్పక్కర్లేదు.

"నాకు అందరూ మునుపటిలాగే ఉంటారన్నాడే. అలాగే ఉన్నారు" అన్నాడు పళ్ళ డాక్టరు. జీవితంలో మొదటిసారి ఆయనకు న్యాయం జరిగినట్టనిపించింది.

దోన్యా ఎర్మిందా నడుం మీద చేతులు పెట్టుకుని వచ్చింది. "ఏమయ్యా, ఇన్నాళ్ళూ నిజం చెప్పి నా వ్యాపారం చెడగొట్టావు. ఇప్పుడు అబద్ధం చెప్పి చెడగొడతావా?"

"ఆ సినిమా తీసినాయన చివర్లో తప్పు చేశాడమ్మా. పెద్దవాళ్ళు, మనలాంటివాళ్ళు చెబితే వినరు. నాకు చేతనైనంత సరిదిద్దుతున్నాను."

ఆవిడ అక్కడికక్కడే ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేసింది.

ఆ వారంలోనే మిల్తన్ లారీ ఊళ్ళోకి వచ్చింది. సాయంత్రం వాన పట్టుకుంది. వాన పడితే మా ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ కొవ్వులో రొట్టెలు వేగుతాయి. అక్క పిండి వత్తుతోంది, నేను బాణలి దగ్గర ఉన్నాను. తలుపు చప్పుడైంది.

"నల్లపిల్లా, నేనే. ఈసారి వేరు."

అక్క చేతులు తుడుచుకుని లేచింది. ఆమె తలుపు దాకా వెళ్ళింది, గడియ మీద చెయ్యి వేసింది. అక్కడ ఆగింది. ఎంతసేపు ఆగిందో, బాణల్లో రొట్టె మాడిపోయింది.

"ఏం వేరు?" అంది, తలుపు తియ్యకుండానే.

అవతల మిల్తన్ తడబడ్డాడు. ఈ ప్రశ్న వాణ్ణి ఎవరూ ఎప్పుడూ అడగలేదు. "అంటే, వేరే. ముందు తలుపు తియ్యి, చెబుతాను."

"చెప్పు, తరవాత చూద్దాం."

"వానలో నిలబెట్టి అడుగుతావేమిటి?"

"లారీకి కప్పు ఉంది కదా."

వాడు బతిమాలాడు, నవ్వించబోయాడు, తన తల్లి గురించి ఏదో చెప్పాడు. అక్క గడియ మీదినుంచి చెయ్యి తీసేసింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, గొంతు మాత్రం గట్టిగానే ఉంది. "వెళ్ళు మిల్తన్. బస్టాండు దగ్గర గదులు అద్దెకు దొరుకుతాయి."

తరవాత వాడు చిన్నగా, "రొట్టెలు చేస్తున్నట్టున్నావు" అన్నాడు.

అక్క నావైపు చూసింది. వేడి రొట్టెలు రెండు కాగితంలో చుట్టి, కిటికీ ఊచల మధ్యనుంచి ఇచ్చింది. వాడు తీసుకుని వెళ్ళిపోయాడు. లారీ చప్పుడు దూరమయ్యాక అక్క కూలబడి, "ఇది సినిమాలో లేదే" అంది. ఏడుస్తూనే నవ్వింది.

మర్నాడు పొద్దున్నే నేను డాన్ ఒరోస్మాన్ ఇంటికి వెళ్ళాను. ఉద్యోగం పోయినవాడు కదా, దిగులుగా ఉంటాడనుకున్నాను. గుమ్మంలో కూర్చుని మాటె అనే ఆకు కషాయం గొట్టంతో పీలుస్తున్నాడు. నాక్కూడా నింపి ఇచ్చాడు. జరిగింది చెప్పాను.

"ఎందుకు చేశారిలా?" అన్నాను.

"వాడు వెళ్ళిపోయాక మీ అక్క ఏటా వెనక వరసలో వచ్చి కూర్చునేది. హాస్య సినిమాకు కూడా ఏడ్చేది. నువ్వు టికెట్లిచ్చేదానివి, నీకు చేతులే కనిపిస్తాయి. టార్చి వేసేవాడికి మొహాలు కనిపిస్తాయి." మాటె పీల్చి మళ్ళీ అన్నాడు, "భయపడుతూ వచ్చినవాళ్ళు కొందరుంటారు. బిడ్డ బతుకుతుంది, కుక్క ఇంటికొస్తుంది అని చెబితే సీట్లో కాస్త వెనక్కి వాలతారు. అలా మొదలైంది ఈ చెప్పడం."

"మరి మిగతావాళ్ళకెందుకు చెబుతారు? పళ్ళ డాక్టరు ఏం భయపడుతూ వచ్చాడు?"

ఆయన సిగ్గుపడ్డాడు. "అది అలవాటు. ఇప్పుడు మానలేను."

గడియారాల సొర్రీయా ఆ ఆదివారం మామూలుగానే పందేలకు పోయాడు. పెరైరా మాత్రం ఎదురింటికి ఒక పళ్ళెం తీపి బిస్కెట్లు పంపాడు. తమ్ముడు పళ్ళెం తిరిగి పంపలేదు, కబురూ పంపలేదు. కానీ తిన్నాడట. మేం దాన్నీ విజయంలోనే వేసుకున్నాం.

మిల్తన్ కోతలన్నాళ్ళూ ఊళ్ళోనే ఉన్నాడు. ఇంకో రెండుసార్లు వచ్చి తలుపు కొట్టాడు. మొదటిసారి అక్క తియ్యలేదు, రెండోసారి ఇంట్లోనే లేదు. నా వెంట ఊరి బయట వేడినీటి కొలనులకు వచ్చింది. ఆ రోజు హాలుకు సెలవు. దోన్యా ఎర్మిందా అప్పటికే పిలిపించి మళ్ళీ పనిలో పెట్టుకుంది కాబట్టి డాన్ ఒరోస్మాన్ కూడా ఉత్సాహంగా మా వెంట బయల్దేరాడు. టోపీ తియ్యకుండానే మెడలోతు నీళ్ళలోకి దిగి, పొగలు కక్కే నీళ్ళలో గేదెలా సుఖంగా కూర్చున్నాడు.

"మీ అక్కకు ఈత వచ్చా?" అని అడిగాడు.

"రాదు. ఇవాళే మొదలుపెట్టింది."

అక్క ఒడ్డు వదిలి నాలుగు బారలు వేసింది, మునిగింది, నీళ్ళు తాగింది, దగ్గుతూ పైకి లేచింది. ఒడ్డు పట్టుకుని ఊపిరి తీసుకుంది. మళ్ళీ వదిలింది. ఈసారి ఐదు బారలు వేసింది.