నాలుక కింద బిళ్ళ దొరకని పూట

ఆఫీసులో అందరూ ఆమెను ఇంజనీరమ్మ అనేవాళ్ళు. చేరిన కొత్తలో ఆ పిలుపు వినపడితే వెనక ఇంకెవరైనా నిలబడి ఉన్నారేమోనని తిరిగి చూసేది. పెళ్ళికి ముందు కంప్యూటర్ ఉద్యోగం చేసిన మాట నిజమే. కూతురు పుట్టాక మానేసింది. ఆ పిల్ల తన జడ తనే వేసుకునే వయసొచ్చేదాకా మళ్ళీ అటు తొంగిచూడలేదు. ఈలోగా ఆ లోకం ఆమెను దాటుకుని చాలా దూరం వెళ్ళిపోయింది. ఇంటర్వ్యూలకు వెళ్తే తనకన్నా చిన్నవాళ్ళు "మధ్యలో ఇన్నేళ్ళు ఏం చేశారండీ?" అనేవాళ్ళు. పిల్లను పెంచానని చెబితే "ఓహో" అనేవాళ్ళు. ఆ ఓహో తర్వాత ఏ కబురూ వచ్చేది కాదు.

చివరికి ఆమెను రమ్మన్నది ఓ చిన్న సేవాసంస్థ. కళ్ళజోళ్ళ దుకాణం పైన మూడు గదులు. ఏ మందు ఏ షాపులో ఉందో జనం వెతుక్కోవడానికి ఒక వెబ్‌సైటు, అది చేతకానివాళ్ళు అడగడానికి ఒక ఫోను, అదీ వాళ్ళ పని. నడిపేది రిటైరైన నర్సు. ఆస్పత్రి వదిలి ఎన్నాళ్ళయినా అందరికీ ఆమె సిస్టరే. ఇంటర్వ్యూలో సిస్టర్ అడిగింది ఒక్కటే, "లిఫ్టు లేదు, మెట్లెక్కగలవా?" అని. ఎక్కగలనంది. ఉద్యోగం వచ్చేసింది.

ఫోను దగ్గర కూర్చునేది కాంపౌండర్ గారు. జీవితమంతా ఆస్పత్రి మందుల గదిలో గడిపిన మనిషి. ఇక్కడికొచ్చాక ఆయన ఒక సంగతి కనిపెట్టాడు. అట్ట మీద అచ్చయిన పేరుతో మందు వెతికేవాళ్ళు తక్కువ. గుండె నొప్పికి వాడేది జనం నోట్లో "నాలుక కింద బిళ్ళ". ఉబ్బసానికి పీల్చేది "ఆయాసం పంపు". అందుకని ఇంజనీరమ్మకి ముందు పనిచేసిన పాత ఇంజనీరు చేత కంప్యూటర్ తెర మీద ఒక చిన్న పెట్టె పెట్టించుకుని, ఫోనుకీ ఫోనుకీ మధ్య ఖాళీలో, ఏ మందుని జనం ఏమని పిలుస్తారో ఆ మాటలన్నీ దాని ఎదురుగా రాస్తూ వచ్చాడు. ఆయన చేతిరాత కోడి కెలికినట్టుంటుంది గానీ, టైపింగు మాత్రం ముత్యాలే.

ఆ వేసవిలో సిస్టర్‌కి ఒక ఆలోచన వచ్చింది. ఎండలు మండిపోతున్నాయి, ఏ మందు ఫ్రిజ్‌లో పెట్టాలో ఏది అక్కర్లేదో వెబ్‌సైటులో కనపడితే బాగుంటుందని. ఆ పని ఇంజనీరమ్మకి అప్పజెప్పింది. చేరాక ఆమె చేతికొచ్చిన మొదటి పెద్ద పని అదే.

ఆ వెబ్‌సైటులో వెతికిపెట్టేది ఒక సెర్చ్ ఇంజను. ఒక్కో మందుకీ దానిలో ఒక డాక్యుమెంటు, అంటే పేరు, కంపెనీ, దొరికే షాపులు, జనం మాటలు అన్నీ ఉన్న కాగితం లాంటిది. ఆ కాగితాల కట్టే ఇండెక్సు. దాన్ని మార్చాలంటే ఏపీఐ అనే దారిలో ప్రోగ్రాం చేత కబురు పంపాలి. ఆమె ప్రోగ్రాం రాసి, ఒకరోజు పొద్దున ఆఫీసుకి రాగానే రెండు మూడు మందుల మీద ప్రయత్నించి చూసింది. 'ఫ్రిజ్‌లో పెట్టాలి' అన్న మాట చక్కగా చేరింది. పొంగిపోయింది. టీ తాగొచ్చి అన్నిటికీ పంపేసింది. తెర మీద అంతా పచ్చపచ్చగా, ఎక్కడా ఒక్క ఎర్ర గీత లేదు.

కాసేపటికి పక్కగదిలోంచి కాంపౌండర్ గారి గొంతు వినిపించింది. ఎవరితోనో ఫోనులో చెబుతున్నాడు. "కంగారు పడకు బాబూ. నాన్నగారిని పడుకోబెట్టు. ముందు అంబులెన్సుకి ఫోన్ చెయ్యి. ఆ బిళ్ళ మీ వీధి చివర షాపులోనే ఉంటుంది, నేను చెబుతాగా." ఫోను పెట్టేసి గుమ్మంలోకి వచ్చాడు. "అమ్మాయ్, నాలుక కింద బిళ్ళ అని కొడితే ఏమీ రావట్లేదు. ఆ షాపు సంగతి నాకు తెలుసు కాబట్టి సరిపోయింది."

ఆమె కొట్టి చూసింది. ఏమీ లేదు. అచ్చు పేరుతో కొట్టింది. ఊహూ. ఒక డాక్యుమెంటు తెరిచింది. పేరు లేదు, కంపెనీ లేదు, షాపులు లేవు. 'ఫ్రిజ్ అక్కర్లేదు' అన్న ఒక్క ముక్క మాత్రం బిక్కుబిక్కుమంటూ కూర్చుని ఉంది.

అప్పుడు వెలిగింది ఆమెకి. ఏపీఐలో కబురు రెండు రకాలుగా పంపొచ్చు. ఉన్న కాగితంలో ఈ ముక్క ఒక్కటీ చేర్చమనొచ్చు, లేదా పాత కాగితం తీసేసి ఇది పెట్టమనొచ్చు. తను పంపింది రెండోది. పొద్దున పరీక్షించినప్పుడు కొత్త ముక్క వచ్చిందో లేదో చూసుకుందే గానీ, పాతవి ఉన్నాయో లేదో చూడనే లేదు.

సిస్టర్ గదికి నాలుగడుగులు. ఇన్నేళ్ళకి దొరికిన ఉద్యోగం, ఇవాళ్టితో సరి అనుకుంది. అయినా వెళ్ళి, నిలబడే, ఉన్నదున్నట్టు చెప్పేసింది.

సిస్టర్ కళ్ళజోడు మీదనుంచి చూసింది. "ఫోన్ చేసినాయనకి మందు దొరికిందా?"

"దొరుకుతుందని కాంపౌండర్ గారు చెప్పారండీ."

"అయితే ఏడుపు తర్వాత. ఇప్పుడేం చేస్తావు?"

"అసలు వివరాలు వేరే డేటాబేసులో భద్రంగా ఉన్నాయి. ఇండెక్సు దానికి నకలు. మళ్ళీ నింపేస్తాను."

"నింపు మరి. అందాకా వెబ్‌సైటు మూసేసి అందర్నీ ఫోన్ చెయ్యమని రాద్దాం. కాంపౌండర్ గారూ, నేను కూడా ఫోను దగ్గరికొస్తున్నా!"

నింపడం పూర్తయింది. పేర్లొచ్చాయి, షాపులొచ్చాయి. అమ్మయ్య అనుకునేలోగా కాంపౌండర్ గారు మళ్ళీ వచ్చాడు. "అంతా బాగుందమ్మా. నాలుక కింద బిళ్ళ మాత్రం ఇంకా రావట్లేదు."

ఆమె వెతికింది. ఆయన మాటలు డేటాబేసులో ఎక్కడా లేవు. పాత ఇంజనీరు ఆ పెట్టెను తిన్నగా ఇండెక్సుకే తగిలించాడు. ఇండెక్సులోని పాత కాగితాలు పోయాయి, వాటితో పాటు ఆయన ఇన్నాళ్ళ కష్టమూ పోయింది.

"బాబాయిగారూ..." అంది. అంతవరకూ ఆయన్ని ఎప్పుడూ అలా పిలవలేదు. విషయం చెప్పింది.

ఆయన జేబురుమాలు తీసి, తుడవక్కర్లేని కళ్ళజోడు తుడుచుకున్నాడు. "పోనీలే తల్లీ. మళ్ళీ రాస్తాను." కళ్ళజోడు పెట్టుకుంటూ, "గుర్తున్నంతవరకూ," అన్నాడు.

తిట్టినా బాగుండేది. ఆ చివరి మాట మాత్రం ఆమెకి ముల్లులా దిగింది.

ఫోను కింద పెట్టి గుమ్మంలోకి వచ్చి సిస్టర్ అంది, "ఇదిగో, పాత ఇంజనీరు పోతూ పోతూ ఏదో చెప్పాడే. రోజూ తెల్లారుజామున ఫోటో తీస్తుంది, చెరపొద్దు అని. మన మూడు గదులకి రోజూ ఫోటో ఎందుకో అని నేను పట్టించుకోలేదు."

"ఫోటోనా?"

"ఏదో స్నాప్ అన్నాడు."

"స్నాప్‌షాటా అండీ!" కుర్చీ వెనక్కి పడిపోయేంత వేగంగా లేచింది.

అది ఆగిపోయి ఉంటుందేమో, డిస్కు నిండిపోయి ఉంటుందేమో అని వంద భయాలతో సర్వరులో వెతికింది. ఉంది. ఆ తెల్లారుజామున, ఆమె చెయ్యి పడకముందు తీసిన ఇండెక్సు నకలు పూర్తిగా ఉంది. ప్రాణం లేచొచ్చినట్టయింది.

ఈసారి తొందరపడలేదు. ఆ నకలుని వేరే పేరుతో పక్కన తెరిచింది. అందులోంచి జనం మాటలు ఉన్న ముక్క మాత్రం తీసి, చేర్చమనే రకం కబురుతో ఒకే ఒక్క మందుకి, ఆ నాలుక కింద బిళ్ళకే, పంపింది. ఆ డాక్యుమెంటు తెరిచి పైనుంచి కిందిదాకా వేలు పెట్టి చదివింది. పేరు ఉంది, కంపెనీ ఉంది, షాపులున్నాయి, మాటలున్నాయి.

"బాబాయిగారూ, ఒక్కసారి కొట్టి చూడండి."

పక్కగదిలో కీబోర్డు టకటకలాడింది.

"వచ్చిందర్రా!" అని ఆయన వేసిన కేకకి కింద కళ్ళజోళ్ళ దుకాణంవాళ్ళు తలెత్తి చూసుంటారు.

మిగతావాటికీ పంపింది. ఫ్రిజ్ ముక్క కూడా అదే రకంగా చేర్చింది. మధ్యాహ్నానికి వెబ్‌సైటు తెరిచేశారు. ఆ పొద్దున ఆయన కొత్తగా రాసినవి మాత్రం ఫోటోలో లేవు. "అదెంత పనమ్మా," అంటూ ఆయనే సంతోషంగా మళ్ళీ కొట్టుకున్నాడు. అంబులెన్సు పిలిచినాయన కూడా ఫోన్ చేశాడు. తండ్రి ఆస్పత్రిలో ఉన్నాడట, గండం గడిచిందట. ఆ మాట విన్నాకే సిస్టర్ టిఫిన్ డబ్బా తెరిచింది. ఇంజనీరమ్మకి కూడా ఓ మూతలో పెట్టి, "తిను. మొహం పీక్కుపోయింది," అంది. ఉద్యోగం సంగతి ఎవరూ ఎత్తలేదు. తిన్నాక ఆమె కాంపౌండర్ గారి పెట్టెను డేటాబేసుకి కలిపే పనికి కూర్చుంది. సాయంత్రానికి ఆయన మాటలు రెండు చోట్లా పడుతున్నాయి.

ఇంటికెళ్ళి చెప్పులు విడుస్తుంటే అత్తగారు ఎగాదిగా చూసింది. "ఏమే, మొహం వెలిగిపోతోంది? జీతం పెంచారా?"

"లేదత్తయ్యా. పోయినవి దొరికాయి."

"ఏం పోయాయి?"

"మాటలు."

"నీకా? నీకు మాటలు పోవడమేంటే, ఇంట్లో అడుగుపెట్టావంటే మాకెవరికీ సందు దొరకదుగా!"

లోపల చదువుకుంటున్న కూతురు పకాలున నవ్వింది. ఇంజనీరమ్మకీ నవ్వాగలేదు. సంచీ పక్కన పడేసి, సోఫాలో కాళ్ళు చాపుకుని, పొద్దుటినుంచీ జరిగింది మొదలుపెట్టింది. అత్తగారు టీవీ గొంతు తగ్గించి పక్కన వచ్చి కూర్చుంది.