నాన్న గొంతూ, నాన్న నీయతూ

నాన్న మంచివాడని ఎవరన్నా అంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. మంచివాడే, కాదని ఎవరన్నారు? ఆ మంచితనంతో వేగింది మేము.

మాది నూజివీడు. నాన్న పరుపులు, బొంతలు కుట్టేవాడు. మేం ముస్లిములమే గాని ఇంట్లో మాట్లాడేది తెలుగు. మసీదు వీధిలో మిగతావన్నీ ఉర్దూ ఇళ్ళు. మేం నోరు తెరిస్తే చాలు, ఆ ఇళ్ళ పిల్లలు ఒకళ్ళనొకళ్ళు పొడుచుకుని నవ్వేవాళ్ళు. పెళ్ళికి పిలిచినా అమ్మని ఉల్లిపాయలు తరిగే చోట కూర్చోబెట్టేవాళ్ళు గాని, లోపల చాప మీదికి రమ్మనేవాళ్ళు కాదు. అలాంటి మమ్మల్ని ఆ వీధి కాస్త మనుషుల్లా చూసిందంటే నాన్న గొంతు వల్లే. రోజూ ఐదు పూటలా మసీదులో అజాన్ పలికేది, అంటే నమాజుకి పిలిచేది, ఆయనే.

ఎనభైల మొదట్లో మసీదుకి మైకు వచ్చింది. ఇక నాన్న పిలుపు ఊరు దాటి మామిడి తోటల్లోకి వెళ్ళింది. కాయకోతకి కూలీలను తీసుకెళ్ళే పెద్దావిడ మా వెనక వీధిలో ఉండేది. ఓ రోజు గుమ్మంలో నిలబడి, "మద్దేనం నీ పిలుపు వినపడ్డాకే మావోళ్ళు చెట్లు దిగి క్యారేజీలు విప్పుతారు అన్నయ్యా. నువ్వనే మాటలు మాకేం తెలుస్తయ్యి గానీ, ఆ గొంతు వింటే పని చేసే చెయ్యి ఆగిపోద్ది" అంది. నాన్న తల వంచుకున్నాడు. ఆ ఏడే ఒక పెళ్ళిలో అమ్మకి చాప మీద చోటు దొరికింది. ఇంటికొచ్చాక అమ్మ ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పిందో.

అయితే నాన్నకో జబ్బు ఉండేది. దాని పేరు నీయత్. చేసే పని ఎంత గొప్పదైనా, ఏ ఉద్దేశంతో చేశావో దాన్ని బట్టే అల్లా దగ్గర దాని విలువ అనేవాడు. ప్రవక్త అదే చెప్పారనేవాడు. మాట మంచిదే. కానీ మనసుకి తోచినంత వరకు నిజాయితీగా ఉండి, మిగతాది దేవుడికి వదిలేసే మనిషి కాదు. పొద్దస్తమానం తన మనసులోకి తనే తొంగి చూసుకుంటూ కూర్చునేవాడు. ఒక వానాకాలం ఎవరో ముసలమ్మకి ఊరికే బొంత కుట్టి ఇచ్చాడు. ఆవిడ వీధి వీధంతా చెప్పి మెచ్చుకుంది. అంతే, ఆ దానం చెడిపోయిందని ఇంకొకటి కుట్టి, ఎవరికిచ్చాడో మాకు కూడా చెప్పలేదు. "ఈయన్ని ఎవరన్నా పొగిడితే మన కొంప మునుగుతుందే" అని అమ్మ నవ్వేది. తర్వాత నిజంగానే మునిగింది.

ఒక శుక్రవారం చింతలపూడి నుంచి చుట్టాలింటికి వచ్చిన పెద్దమనుషులు, నాన్న గొంతు గురించి విని మసీదుకి వచ్చారు. ఆ మధ్యాహ్నం అజాన్ నేనెప్పుడూ విననంత బాగా వచ్చింది. నాన్న ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాడు గాని ముద్ద ఎత్తలేదు.

"నమాజుకి రండని పిలిచే చోట వాళ్ళు గుర్తొచ్చారు. ఆ మాట ఇంకాస్త సాగదీశాను" అన్నాడు అమ్మతో.

"బాగానే ఉందిగా" అంది అమ్మ.

"నేను నమాజుకి పిలవలేదు. నన్ను వినమని పిలిచాను."

ఆ సాయంత్రం నుంచి అజాన్ మానేశాడు. మసీదు పెద్దలు వచ్చి బతిమాలారు, ఇమాం సాబ్ వచ్చి చెప్పి చూశారు. ఊహూఁ. చివరికి నాన్న బదులు పిలవడానికి ఒక పెద్దాయన ఒప్పుకున్నాడు. పాపం ఆయనకి ఆయాసం, సగంలో దగ్గు వచ్చేది. నాన్న అది విని, "చూడండి, ఆయన పిలుపులో ఎంత నిజం ఉందో" అనేవాడు. నాకు ఏదన్నా తీసుకుని గోడకి కొట్టాలనిపించేది. ఆ తర్వాత జరిగిన పెళ్ళిలో అమ్మ మళ్ళీ ఉల్లిపాయల దగ్గరికే వెళ్ళింది. ఎవరూ పొమ్మనలేదు. రమ్మని మాత్రం పిలవలేదు. అమ్మ ఆ మాట నాన్నకి చెప్పలేదు.

నేను ఊరుకోలేకపోయాను. అప్పటికి పదో తరగతి అయింది నాకు, నోరు కాస్త ఎక్కువే. "మీరు మానేసిన సంగతి మైలవరం దాకా తెలిసిపోయింది నాన్నా! ఎంత భక్తుడో, పేరు వస్తుందని గొంతే వదులుకున్నాడని మెచ్చుకుంటున్నారు. ఇప్పుడొచ్చింది పేరు కాదా? ఇదేం నీయత్?" అన్నాను. కూరగాయలు తెస్తూ బజార్లో నిజంగా విన్న మాటలే అవి.

నాన్న సూది పక్కన పెట్టేశాడు. నేను గెలిచాననుకున్నాను. మర్నాడు తెల్లవారుజామున మైకులో ఆయన గొంతే వినపడింది.

వినపడి ఏం లాభం? సాగదీయడం లేదు, ఎత్తడం లేదు, దించడం లేదు. స్టేషన్లో ఏ బండి ఏ లైను మీదికొస్తుందో చెప్పినట్టు చెప్పి ముగించేశాడు. రోజూ అంతే. "అన్నయ్యకి ఒంట్లో బాలేదా ఏంటమ్మా?" అని కోత పెద్దావిడ నన్ను అడిగింది. లోపల్నుంచి ఆ మాట విని నాన్న ఎంత సంతోషపడ్డాడో! హాయిగా నవ్వుతూ బయటికొచ్చాడు. ఆయన మొహం చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది. దేవుడిచ్చిన గొంతుని దేవుడి కోసమే నొక్కేసుకునే మనిషితో ఎవరు వాదిస్తారు?

ఆ వేసవిలో అమ్మా నేనూ ఊరి చివర తోటలో తాండ్ర పనికి వెళ్ళేవాళ్ళం. మామిడి రసం చాపల మీద పూసి, ఆ పొర ఎండాక దానిమీద ఇంకో పొర పూయాలి. ఒక రోజు గాలిదుమారం లేచేట్టుందని చాపలు సగం మా పెరట్లోకి తెచ్చేసుకున్నాం. మేం ఇంట్లో ఉన్నామని నాన్నకి తెలీదు. కరెంటు లేదు. గాలికి భయపడి ఇళ్ళ తలుపులన్నీ మూసేశారు, వీధిలో పురుగు లేదు.

మసీదు మాకు రెండిళ్ళ అవతల. మైకు లేకుండా అజాన్ మొదలైంది.

పాత గొంతు. కాదు, పాతదానికంటే పెద్దది. ప్రతి మాటా ఎక్కడిదాకా వెళ్ళాలో అక్కడిదాకా వెళ్ళి, నెమ్మదిగా దిగింది. ఎవరూ వినడం లేదని నమ్మకం కుదిరి, దాచుకున్నదంతా బయటపెట్టేశాడు. నా చేతిలో గరిటె నుంచి రసం కారిపోతోంది. అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నాకు సంతోషమూ కోపమూ కలిసే వచ్చాయి. ఇంత ఉంచుకుని ఇన్నాళ్ళూ మమ్మల్ని మాడ్చాడు!

నమాజు చేసుకుని వచ్చిన నాన్న పెరట్లో చాపలు చూసి ఆగిపోయాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎప్పుడొచ్చారు?"

అమ్మ నావైపు చూసింది. ఎంత బాగుందో చెప్పాలని ప్రాణం కొట్టుకుపోతోంది. చెప్తే ఆ గొంతు ఇక ఈ జన్మలో వినపడదు.

"ఇప్పుడే నాన్నా. అజాన్ అయిందా? కరెంటు లేదుగా, మాకేం తెలియలేదు" అన్నాను.

నాన్న ఊపిరి వదిలాడు. "అయింది" అని, కాళ్ళు కడుక్కుని, అన్నం పెట్టమన్నాడు. ఆకలిగా తిన్నాడు.

ఆ అబద్ధం వెనక నీయత్ ఏంటని అల్లా అడిగితే నేను చెప్పగలిగేది ఒకటే. మళ్ళీ కరెంటు పోవాలి.